విమానం కింద మేము చదివిన చదువు



ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ పుటకు అందే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "మా అబ్బాయి ఎం.పి.సి. పూర్తి చేశాడు. అందరిలా ఇంజనీరింగులో చేరను, విమానాల చదువు చదువుతానంటున్నాడు. మంచి ఉద్యోగాలు ఉన్నాయని ఎవరో చెప్పారట. చేర్పించమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఈ మధ్య "మా అమ్మాయి" అని రాసేవారు కూడా పెరిగారు. చేర్పించండి అనో, వద్దు అనో ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. మేమూ ఆ చదువు చదివినవాళ్లమే. 2016లో హైదరాబాదులో చేరింది మొదలు అక్కడ ఏమి నేర్చుకున్నామో, ఏమి చూశామో ఉన్నదున్నట్టు రాస్తాము. చదివి, మీ పిల్లలతో కూర్చుని మాట్లాడి, మీరే నిర్ణయించుకోండి.

ఇంతకీ ఏమిటీ చదువు?

మేము చేరిన కొత్తలో సెలవులకు ఊరికి వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్లు ఒకటే అడిగేవారు: "విమానం ఎప్పుడు నడుపుతావురా?" నడపడం కాదు, బాగుచేయడం అని చెబితే, "ఓహో, మెకానిక్కా!" అని కాస్త చిన్నబోయేవారు. పైలట్ అంటే అందరికీ తెలుసు. టోపీ, తెల్ల చొక్కా కళ్లముందు కనబడతాయి. విమానం కింద నూనె మరకల బట్టలతో తిరిగే మనిషి ఎవరికీ గుర్తుండడు. ఇది మొదటినుంచీ ఉన్నదే. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు విమానం ఎగరవేశారని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ విమానానికి ఇంజను తయారుచేసిన చార్లెస్ టేలర్ పేరు ఎంతమందికి తెలుసు? వారి సైకిలు దుకాణంలో పనిచేసే ఆయన, బయట ఎక్కడా తగిన ఇంజను దొరకనప్పుడు, ఒక లేతు యంత్రం, ఒక డ్రిల్లు యంత్రం పెట్టుకుని ఆరు వారాల్లో 12 అశ్వశక్తుల ఇంజను చేసి ఇచ్చాడు. ఆయన పుట్టిన మే 24వ తేదీని అమెరికాలో విమాన మరమ్మతు పనివారి దినంగా జరుపుకుంటారు.

ఈ చదువును ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ అంటారు. పొడి అక్షరాల్లో ఎ.ఎం.ఇ. ఇది బి.టెక్. వంటి డిగ్రీ కాదు. దీని చివర దొరికేది లైసెన్సు. దానిని ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డి.జి.సి.ఏ. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు చేరవచ్చు. ఇందులో ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. విమానం శరీరం, ఇంజను, చక్రాలు, హైడ్రాలిక్కులు చూసేది బి1. విద్యుత్తు, రేడియో, దిక్సూచి పరికరాలు, కంప్యూటర్లు చూసేది బి2. జెట్ విమానాల బి1 శిక్షణ మొత్తం 2400 గంటలు. అందులో సగం, సగానికి కొంచెం పైన తరగతి గదిలో, మిగిలినది చేతిపనిలో గడుస్తుంది.

మరమ్మతు జరిగిన విమానం, లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం పెట్టనిదే ప్రయాణికులతో బయలుదేరడానికి వీల్లేదు. ఈ చదువంతా ఆ సంతకం కోసమే. దాని అర్థం మాకు తెలిసిరావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆకురాయితో మొదలు

విమానాల బడి అంటే మొదటి రోజే విమానం ఎక్కిస్తారని మా బ్యాచిలో 24 మందిమీ అనుకున్నాము. ఎక్కించలేదు. ఒక్కొక్కరికీ ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చారు. ఆ ముక్కను నాలుగు పక్కలా సమంగా, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండేలా అరగదీయాలి. వైమానిక దళంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన మాకు వర్క్‌షాపు సారు. మేము అరగదీసిన ముక్కకు ఆయన మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తి చూసేవారు. రెంటి మధ్య నుంచి వెలుతురు సన్నగా కనబడితే చాలు, మాట్లాడకుండా ముక్కను తిరిగి చేతిలో పెట్టేసేవారు. అరచేతులు బొబ్బలెక్కాయి. పదిహేను రోజులు గడిచేసరికి ఇద్దరు చదువు మానేస్తామన్నారు.

ఒకరోజు మాలో ఒకడు ధైర్యం చేసి అడిగాడు: "సార్, ఇదంతా ఇప్పుడు మిషన్లు చేస్తాయి కదా, మాకెందుకు?" సారు కోప్పడలేదు. "మిషన్లే చేస్తాయి బాబూ. చేసింది సరిగ్గా ఉందా లేదా అని చెప్పాల్సింది నువ్వు. పర్వాలేదులే అనే అలవాటు ముందు ఈ ఇనుప ముక్క దగ్గర పోవాలి" అన్నారు. ఆ మాట ఆరోజు మాకు పెద్దగా ఎక్కలేదు. తర్వాత రివెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కింది.

విమానం ఒళ్లంతా పల్చటి అల్యూమినియం రేకు. ఆ రేకులను కలిపి ఉంచేవి రివెట్లు. చూడటానికి అన్నీ ఒకటేలా ఉంటాయి. తల మీద గుర్తు చూస్తే గాని తేడా తెలియదు. తల నడుమ చిన్న గుంట ఉంటే ఒక రకం లోహం, చుక్క పొంగి ఉంటే ఇంకొక రకం, రెండు గీతలు ఉంటే మరొకటి. ఈ గీతల రకాన్ని కాల్చి చల్లార్చాక, వాడేవరకు శీతల పెట్టెలో ఉంచాలి. బయట పెడితే గట్టిపడిపోయి, కొట్టినప్పుడు పగులుతుంది. రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు ముందునుంచి గన్ను పట్టుకుంటే, ఇంకొకరు వెనకనుంచి ఇనుప దిమ్మ ఆనిస్తారు. ఇద్దరి చేయీ ఒక్కసారే పడాలి. రివెట్ వెనక తల దాని మందానికి ఒకటిన్నర రెట్ల వెడల్పుతో, సగం ఎత్తుతో అణగాలి. ఎక్కువ అణిగినా తప్పే, తక్కువ అణిగినా తప్పే. తప్పు రివెట్‌ను డ్రిల్లుతో తొలిచి తీసి, మళ్లీ కొట్టాలి. తొలిచేటప్పుడు రంధ్రం పెద్దదైతే ఇంకా పెద్ద రివెట్ కావాలి. ఒక్క క్షణం తొందర ఎంత పని పెంచుతుందో మా చేతులే మాకు చెప్పాయి.

ఆ తర్వాత లాక్‌వైరు. ఇంజను అదురుకు బోల్టులు వదులు కాకుండా వాటి తలల్లోని రంధ్రాల గుండా సన్నటి తీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకు కడతారు. ఒక బోల్టు వదులవబోతే తీగ ఇంకో బోల్టును బిగించే వైపు లాగాలి. కట్టేది ఏ వైపో తెలియకపోతే, తీగ ఉండి కూడా లేనట్టే. మేము వాడిన తీగకు అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు ఉండాలి. చివర మిగిలిన కొసను లోపలికి వంచాలి. ఎందుకని అడిగితే సారు, "రేపు ఇక్కడ చెయ్యి పెట్టేది నువ్వు కాదు, ఇంకెవరో. వాళ్ల వేళ్లకు గుచ్చుకోకూడదు" అన్నారు. మనకు ఎన్నడూ పరిచయం కాని మనిషి వేళ్ల గురించి ఆలోచించడం మాకు అక్కడే అలవాటైంది.

పలక మీద ఒక ఖాళీ

రెండో ఏడు మాకు నిజమైన విమానం చేతికి వచ్చింది. ఎగరడం మానేసిన ఒక సెస్నా 172. నాలుగు సిలిండర్ల ఇంజను, ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు. ఒక మాగ్నెటో ఆగిపోయినా రెండోది పని నడిపించాలని ఆ ఏర్పాటు. ఇంధనం గాజు సీసాలోకి పట్టి అడుగున నీటి చుక్క ఉందేమో చూడటం, ప్లగ్గుల మసిని బట్టి ఇంజను ఎలా మండుతోందో చెప్పడం, ఇవన్నీ దానిమీదే నేర్చుకున్నాము.

వర్క్‌షాపు గోడకు పనిముట్ల పలక ఉండేది. ఒక్కొక్క పానా, స్క్రూడ్రైవరు, సాకెట్టు ఆకారం ఆ పలక మీద నల్ల రంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీసుకున్నవాడు తన నంబరు బిళ్ళను ఆ కొక్కేనికి తగిలించాలి. సాయంత్రం పలక నిండితేనే ఇంటికి వెళ్లాలి.

ఒక శనివారం సాయంత్రం చిన్న సాకెట్టు ఒకటి లేదు. ఎవరి బిళ్ళ ఉందో వాడు తెల్లబోయాడు. మధ్యాహ్నం ఇంజను దగ్గర వాడిన మాట నిజమే, తర్వాత ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. బస్సు హారన్ కొడుతోంది. మాలో కొందరు ఊళ్లకు రైలు ఎక్కవలసినవాళ్లు. "సార్, అందరం డబ్బులు వేసుకుని సోమవారం కొత్తది కొనిపెడతాం" అని ఒకరన్నారు. "కొత్తది తెస్తే పలక నిండుతుంది. విమానంలో ఉన్న పాతది బయటికి వస్తుందా?" అని సారు అడిగారు. ఇంకొకడు ఊరుకోలేక, "సార్, ఈ విమానం ఎటూ ఎగరదు కదా!" అన్నాడు. సారు కాసేపు మాట్లాడలేదు. "ఇది ఎగరదు. మీరు వెళ్లబోయేవి ఎగురుతాయి" అని తన సంచీ తీసి పక్కన పెట్టి, టార్చిలైటు పట్టుకున్నారు.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు, మా బ్యాచిలో ఉన్న ముగ్గురు అమ్మాయిల్లో ఒకామె, పుల్లకు కట్టిన అద్దంతో వెతికి, ఇంజను వెనక రేకు మడతలో పడి ఉన్న సాకెట్టును పట్టుకుంది. ఎవరం చప్పట్లు కొట్టలేదు. బిళ్ళ పోగొట్టినవాడిని సారు ఒక్కమాట అనలేదు. పైగా, "లేదు అని నువ్వే ముందు చెప్పావు. అది చాలు" అన్నారు. రైలు తప్పిన ఇద్దరు ఆ రాత్రి మా గదిలోనే పడుకున్నారు. తిట్లు తినవలసిన చోట మంచిమాట విన్న ఆ కుర్రవాడు తర్వాత ఎన్నడూ లెక్క తప్పలేదు. పిల్లవాడు నిజం చెప్పిన రోజున మనం ఎలా మాట్లాడతామో, రేపు వాడు నిజం చెప్పడం దానిమీద ఆధారపడి ఉంటుంది. ఇది ఇళ్లలో కూడా ఆలోచించదగినది.

పరాయి దేశాల నుంచి వచ్చిన పాఠాలు

మా పాఠాల్లో తొమ్మిదవ విభాగం పేరు హ్యూమన్ ఫ్యాక్టర్స్. మనిషి ఎందుకు పొరబడతాడు అన్నదే ఆ విభాగం. మొదట తేలికగా తీసుకున్నాము. అందులో సూత్రాలు లేవు, లెక్కలు లేవు. ఉన్నవి జరిగిన సంగతులు. వాటిలో మూడింటిని ఇప్పటికీ మరువలేము.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరింది. 17 వేల అడుగులు దాటాక కెప్టెన్ ముందున్న అద్దం ఊడి బయటికి ఎగిరిపోయింది. ఆ గాలి వేగానికి కెప్టెన్ సగం వరకు కిటికీలోంచి బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. పక్కనున్న పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. కారణం ఏమిటి? ముందటి రోజు వేకువజామున ఆ అద్దం మార్చారు. దానికి 90 బోల్టులు. మార్చిన వ్యక్తి అనుభవజ్ఞుడే, ఆ షిఫ్టుకు పెద్దే. మనుషులు తక్కువగా ఉన్నారని పని తానే చేశాడు. పాత బోల్టును పక్కన పెట్టుకుని, మసక వెలుతురులో కంటితో పోల్చి కొత్తవి ఏరుకున్నాడు. పుస్తకంలో నంబరు సరిచూసుకోలేదు. 84 బోల్టులు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు సన్నం. మిగిలిన ఆరు పొట్టి. ఆ పనిని రెండో మనిషి తనిఖీ చేయాలన్న నియమం అప్పుడు దానికి లేదు.

1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానం గాలిలోనే ముక్కలై 14 మంది చనిపోయారు. తోక మీది ఎడమవైపు అంచు పట్టీకి పైన 47 స్క్రూలు లేవు. ముందు రాత్రి ఒక షిఫ్టువారు వాటిని విప్పారు. పని మధ్యలో షిఫ్టు మారింది. విప్పినట్టు కాగితం మీద సరిగా రాయలేదు. తర్వాత వచ్చినవారికి తెలియలేదు. కింద నిలబడి చూస్తే ఆ రంధ్రాలు కనబడవు.

1996 అక్టోబరు 2న పెరూ దేశపు ఏరోపెరూ విమానం లీమా నుంచి రాత్రివేళ బయలుదేరింది. ఎగిరిన వెంటనే ఎత్తు, వేగం చూపే పరికరాలు అయోమయపు అంకెలు చూపించాయి. కింద చీకటి సముద్రం. పైలట్లకు తాము ఎంత ఎత్తులో ఉన్నారో తెలియలేదు. విమానం నీటిలో పడి 70 మంది చనిపోయారు. విమానం కడిగేటప్పుడు నీళ్లు వెళ్లకుండా, గాలి ఒత్తిడిని కొలిచే చిన్న రంధ్రాలకు అంటించిన టేపును తర్వాత తీయలేదు.

టేపు ముక్క, సన్న బోల్టు, రాయని ఒక వాక్యం. ఈ ముగ్గురిలో ఎవరూ చెడ్డవారు కారు, పని రానివారు కారు. అలసట, తొందర, అలవాటు, అడగడానికి మొహమాటం వారిని పడగొట్టాయి. 1993లో కెనడా రవాణా శాఖలో గోర్డన్ డ్యూపాంట్ అనే ఆయన ఇటువంటి కారణాలను పన్నెండుగా లెక్కవేసి చెప్పాడు. ఆ పన్నెండూ మా తరగతి గోడ మీద ఉండేవి. "ఇన్నాళ్లూ ఇలాగే చేశాం కదా" అన్న ధీమా వాటిలో ఒకటి. తప్పు అని తెలిసి కూడా పెద్దవాళ్లముందు నోరు విప్పకపోవడం ఇంకొకటి. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెంచిన మనకు ఈ రెండోది చాలా కష్టం. గౌరవంగా మాట్లాడుతూనే "సార్, ఇది పుస్తకంలో ఇలా లేదు" అని చెప్పడం మాకు తరగతిలో అభ్యాసం చేయించి మరీ నేర్పారు.

ఒక రాత్రి విమానాశ్రయంలో

2018లో మమ్మల్ని కొద్దినెలలు శంషాబాద్ విమానాశ్రయానికి పని నేర్చుకోవడానికి పంపారు. అక్కడ మేము చేసేది చక్రాలకు అడ్డుకట్టలు పెట్టడం, టార్చి పట్టుకోవడం, చెప్పింది అందించడం, చూడటం. ఆ రోజుల్లో చూసిన ఒక రాత్రి గురించి చెప్పాలి.

పదిన్నర దాటింది. ఒక ఎ320 వచ్చి ఆగింది. నలభై నిమిషాల్లో మళ్లీ బయలుదేరాలి. ఇంజనీరు టార్చితో విమానం చుట్టూ తిరుగుతూ కుడివైపు చక్రం దగ్గర ఆగారు. టైరు మీద కోత. ఆయన వంగి, లోతు కొలిచి చూశారు. లోపలి దారపు పొర కనబడుతోంది. లేచి, "మార్చాలి" అన్నారు. అప్పటికే ప్రయాణికులు ఎక్కుతున్నారు. సంస్థ అధికారి ఒకరు పరుగెత్తుకొచ్చారు. "ఒక్క ట్రిప్పే కదా, అక్కడికి వెళ్లాక మారుస్తారు. ఆలస్యమైతే పైకి ఏం చెప్పమంటారు?" అన్నారు. ఇంజనీరు పుస్తకం తెరిచి హద్దు ఎంతో చూపించారు. అధికారి మళ్లీ అడిగారు, ఈసారి కొంచెం గట్టిగా. ఇంజనీరు గొంతు మాత్రం పెరగలేదు. "రాయమంటే ఆలస్యానికి కారణం నేనే రాస్తాను సార్. సంతకం మాత్రం చక్రం మారాకే" అన్నారు.

జాకీ పెట్టి ఇరుసు ఎత్తారు. పాత చక్రం తీసి కొత్తది ఎక్కించారు. ఇరుసు నట్టును చక్రం తిప్పుతూ ఒకసారి బిగించి, వదులు చేసి, మళ్లీ చెప్పిన కొలతకు బిగించారు. నైట్రోజన్ ఒత్తిడి చూశారు. జీపులకు వాడే గాలి ఇక్కడ పనికిరాదు. ఇంతలో లోపల ప్రయాణికులు విసుక్కుంటున్నారని కబురు మీద కబురు. చంటిపిల్ల ఏడుస్తోందట. ఎవరికో ఉదయం పరీక్ష ఉందట. అవన్నీ నిజమైన బాధలే. ఆయన అన్నీ విన్నారు, చేతులు మాత్రం ఆపలేదు, తొందరపడలేదు. గంట తర్వాత లాగ్ పుస్తకంలో చేసిన పని, చక్రం నంబరు, సమయం రాసి, లైసెన్సు నంబరు వేసి సంతకం పెట్టారు. విమానం వెళ్లిపోయింది. ఆలస్యానికి ఆయన్ను తిట్టుకున్న 180 మందిలో ఒక్కరికీ ఆయన ముఖం తెలియదు. చేతులు తుడుచుకుంటూ, "టీ తాగుదాం రండి" అన్నారు. అంతే.

ఆ తర్వాత ఏ విమానం ఆలస్యమైందని విన్నా మాకు కోపం రాదు.

తల్లిదండ్రులతో నాలుగు మాటలు

ఇక మీ ప్రశ్నకు సూటిగా వద్దాము. ఈ చదువు గొప్పది. అయితే దాని చుట్టూ చెప్పే మాటలన్నీ నిజం కావు.

మొదటిది: బడి ఇచ్చే సర్టిఫికెట్టు లైసెన్సు కాదు. విభాగాల వారీగా పరీక్షలు పెట్టేది డి.జి.సి.ఏ. ఇక్కడ నూటికి 35 వచ్చినా గట్టెక్కే అలవాటు చెల్లదు. గుర్తింపు ఉన్న బడిలో చదివి, పరీక్షలన్నీ గట్టెక్కినవారు కూడా పనిచేసే విమానాల మీద రెండేళ్ల అనుభవం చూపాలి. ఆ తర్వాత ఎ320, బోయింగ్ 737, ఏ.టి.ఆర్. వంటి ఫలానా విమానానికి మళ్లీ వేరే శిక్షణ, దానికి వేరే ఖర్చు. "మూడేళ్లలో లక్షల జీతం" అని ఎవరైనా చెబితే ఈ మెట్లన్నీ లెక్కపెట్టి చూపించమనండి.

రెండవది: చేర్పించేముందు ఆ సంస్థకు డి.జి.సి.ఏ. గుర్తింపు ఉందో లేదో, బి1కా, బి2కా, ఎంతమందికి ఉందో సరిచూసుకోండి. గుర్తింపు పొందిన సంస్థల పట్టికను డి.జి.సి.ఏ.యే ప్రకటిస్తుంది. బడికి స్వయంగా వెళ్లండి. విమానం, ఇంజన్లు, పనిముట్లు చూపించమనండి. పనిచేసే విమానాల మీద శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరితో ఒప్పందం అని కాగితం మీద అడగండి. మేము చదివిన చోట ఈ ఆఖరి మాట నోటితోనే ఉంది. విమానాశ్రయానికి పంపడానికి ఆరు నెలలు తిప్పించారు. ఆ ఆరు నెలల హాస్టలు ఖర్చు ఎవరిచ్చారు? తల్లిదండ్రులే. మాతో చదివిన ఒకడి నాన్నగారు అర ఎకరం తాకట్టు పెట్టి చదివించారు. కొడుకుకు ఫోను చేసిన ప్రతిసారీ "అయిపోవచ్చిందా నాయనా?" అని అడిగేవారు. వాడు ఫోను ఎత్తడానికే భయపడేవాడు.

మూడవది: ఈ రంగానికి ఆటుపోట్లు ఎక్కువ. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో. ఒక్కొక్కసారీ లైసెన్సు ఉన్న ఇంజనీర్లు కూడా జీతం లేక ఇబ్బందులు పడ్డారు. 2020లో కరోనా వచ్చి విమానాలన్నీ నేల మీద నిలిచిన నెలల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంకోవైపు, 2023లో ఎయిర్ ఇండియా, ఇండిగో వందల కొద్దీ కొత్త విమానాలకు ఆర్డరు ఇచ్చాయి. 2025 నవంబరులో శంషాబాద్ దగ్గర సాఫ్రాన్ వారి జెట్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. పని పెరుగుతున్న మాట నిజం. ఓపిక పట్టగలిగినవారికే అది అందుతుందన్న మాట కూడా అంతే నిజం. మా 24 మందిలో ఇప్పటికి లైసెన్సు అందుకున్నవారు సగం కంటే తక్కువ. తాకట్టు పెట్టిన నాన్నగారి కొడుకు వారిలో ఉన్నాడు. పొలం విడిపించడానికి మాత్రం అతనికి ఏడేళ్లు పట్టింది.

నాలుగవది: ఆడపిల్లలను పంపవచ్చా అని అడిగేవారికి, తప్పకుండా పంపవచ్చు. బలం కంటే ఓపిక, చూపు, నిదానం కావలసిన పని ఇది. రాత్రి డ్యూటీలు ఉంటాయి, బస, రాకపోకల సంగతి ముందే విచారించుకోండి.

యువతీ యువకులారా

చివరగా మీతో ఒక్క మాట. విమానాలంటే ఇష్టం ఉంటే సరిపోదు. ఇష్టం ఆకురాయి పట్టిన రెండో వారానికి తగ్గుతుంది. మిమ్మల్ని మీరు వేరే ప్రశ్నలు అడగండి. ఎవరూ చూడని చోట చేసిన పనిని, చూసేవారు ఉన్నట్టే చేస్తానా? తెలియనప్పుడు తెలియదు అంటానా? అందరూ తొందరపెడుతున్నప్పుడు "ఇంకా కాలేదు సార్" అని నిలబడగలనా? ఈ మూడింటికి "ప్రయత్నిస్తాను" అని నిజాయితీగా చెప్పగలిగితే ఈ చదువు మీకు తగినదే. చెప్పలేకపోతే సిగ్గుపడవలసింది లేదు, వేరే మంచి చదువులు చాలా ఉన్నాయి. అయితే ఏ చదువులో చేరినా, ఎక్కడో ఒకచోట మీ సంతకాన్ని నమ్మి ఎవరో ఒకరు నిశ్చింతగా నిద్రపోతారని మాత్రం గుర్తుంచుకోండి.

ఈ చదువు గురించి ఇంకా సందేహాలు ఉన్నవారు ఈ పుటకు రాయండి. మాకు తెలిసినంత మేరకు జవాబిస్తాము. వచ్చే నెల, చాలామంది అక్కచెల్లెళ్లు అడుగుతున్న నర్సింగు చదువు గురించి మాట్లాడుకుందాము. అంతవరకు సెలవు.